భిలాయి పొరుగున పుట్టిన మోగ్లీ

తొంభైల్లో ఆదివారం పొద్దున టీవీలో షేర్ ఖాన్ గర్జన విని దుప్పట్లో దూరిన భిలాయి పిల్లల్లో చాలామందికి అప్పట్లో తెలియని సంగతి ఒకటుంది. ఆ పులి తిరిగిన అడవి తమ ఊరికి ఇరుగుపొరుగే. రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో అచ్చు వేయించిన జంగిల్ బుక్‌లో తోడేళ్ల మంద కాపురం సియోనీ కొండల్లో. ఆ సియోనీ ఇవాళ మధ్యప్రదేశ్‌లో ఒక జిల్లా కేంద్రం. భిలాయి నుంచి వాయవ్యంగా రాజనాందగావ్, బాలాఘాట్ మీదుగా వెళితే వస్తుంది. పెంచ్ పులుల అడవి కొంత ఉన్నదీ ఆ జిల్లాలోనే. ఇంతా చేసి, కిప్లింగ్ ఆ కథలను మొదలుపెట్టింది మన దేశంలో కూర్చుని కాదు. అమెరికాలో, మంచు కురిసే వెర్మాంట్ రాష్ట్రంలో!

ఆ తోడేళ్లు పెంచిన మనిషి పిల్లవాడు మోగ్లీ ఈత కొట్టిన నది పేరు వైన్‌గంగ. కల్పన కాదు, నిజంగా ఉన్న నదే. సియోనీ జిల్లాలో పుట్టి, మహారాష్ట్రలోకి దిగి, వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. అంటే మోగ్లీ మునిగిన నీళ్లు ధర్మపురికి దిగువన, భద్రాచలానికి ఎగువన మన నదిలో కలుస్తున్నాయి. తెలుగువాళ్లకు ఈ కథతో ఇంకో చుట్టరికమూ ఉంది, అది కాస్త ఇబ్బందికరమైనది. రెండో జంగిల్ బుక్‌లో తోడేళ్ల మందను తుడిచిపెట్టడానికి దండెత్తి వచ్చిన ఎర్ర కుక్కలు దక్కను నుంచి వస్తాయి. మనం రేచుకుక్కలు అంటామే, అవే. పులి కూడా తప్పుకుని దారి ఇచ్చే ఆ మూకను కిప్లింగ్ మన వైపు నుంచే పంపించాడు.

ఎలుగుబంటి బాలూ సంగతికి వద్దాం. కార్టూన్లు చూసినవాళ్లకు బాలూ అంటే తిండిపోతు, సరదా మనిషి. పుస్తకంలో అలా కాదు. అక్కడ బాలూ బడిపంతులు. తోడేలు పిల్లలకు అడవి ధర్మం వల్లె వేయిస్తాడు, తప్పు చెబితే మోగ్లీకి దెబ్బలూ పడతాయి. ఒక చోట మాత్రం కిప్లింగ్ అతని తిండి యావను బయటపెట్టాడు. కరువు వచ్చిన ఏడాది బాలూకి ఎంతో ఇష్టమైన ఇప్పచెట్టు పూయలేదని రాశాడు. ఛత్తీస్‌గఢ్‌లో బతికినవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు. వేసవి మొదట్లో ఇప్పపూలు రాలే వేళకు ఎలుగుబంట్లు చెట్ల కిందకు రావడం, తెల్లవారకముందే పూలు ఏరుకునే ఆడవాళ్లకు అవి ఎదురుపడటం ఇక్కడి పల్లెల్లో ఏటా వినే మాటే. దూరదేశంలో రాసినా ఈ వివరం మాత్రం కిప్లింగ్ తప్పు పోలేదు.

మరి మన టీవీలో వచ్చిన మోగ్లీ ఎవరు? చాలామంది అది అమెరికా డిస్నీ వాళ్లదనుకుంటారు. కాదు, జపాన్‌ది. నిప్పన్ యానిమేషన్ అనే సంస్థ తీసింది. 1989 అక్టోబరు నుంచి 1990 అక్టోబరు దాకా టీవీ టోక్యోలో 52 భాగాలుగా వచ్చింది. దూరదర్శన్ దాన్ని హిందీలోకి మార్చి 1993లో ఆదివారం ఉదయం వేయడం మొదలుపెట్టింది. షేర్ ఖాన్‌కు గొంతు ఇచ్చింది నానా పాటేకర్. పేర్లు పడేటప్పుడు వచ్చే పాట రాసింది గుల్జార్, బాణీ కట్టింది విశాల్ భరద్వాజ్. విశాల్ అప్పటికి సినిమా దర్శకుడు కాలేదు, పేరు కోసం చూస్తున్న కుర్ర సంగీతకారుడు. జపాన్ బొమ్మలకు మన దేశపు పాట ఎంత అతికిందంటే, 2016లో హాలీవుడ్ కొత్త జంగిల్ బుక్ సినిమా ఇక్కడ విడుదలైనప్పుడు ఆ పాటనే మళ్లీ కొత్తగా చేసి వినిపించారు. హిందీ షేర్ ఖాన్‌గా మళ్లీ నానా పాటేకరే గర్జించాడు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ దూరదర్శన్ పాత సీరియల్‌ని మళ్లీ వేసింది. చిన్నప్పుడు చూసినవాళ్లు ఈసారి తమ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూశారు.

భిలాయి సెక్టార్ల క్వార్టర్స్‌లో ఆ గర్జనకు ఒక చిక్కు ఉండేది. ఉక్కు కర్మాగారంలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన నాన్నలు పడుకునేది సరిగ్గా ఆ వేళకే. ‘ఒరేయ్, సౌండు తగ్గించండ్రా, నాన్నగారికి ఇప్పుడే కన్నంటుకుంది’ అని వంటింట్లోంచి అమ్మ కేక. పిల్లలు టీవీకి మూరెడు దూరంలోకి జరిగి, పెదాల కదలికను బట్టి సగం, చెవులు రిక్కించి సగం కథ పట్టుకునేవారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన ఇళ్లలో అమ్మానాన్నలతో తెలుగు, వీధిలో హిందీ. ఎదురింటి బెంగాలీ పిల్లవాడూ, పైఇంటి మలయాళీ పిల్లా, మన ఇంటి పిల్లలూ ఒకే పాట పాడుకుంటూ సైకిళ్లు తొక్కారు. ఊరంతా ఒకే చానల్ చూసిన రోజులవి. ఆ ఉమ్మడి అనుభవం ఇప్పటి పిల్లలకు దొరకదు, నాకైతే అది లోటే అనిపిస్తుంది.

టీవీ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఈ ప్రాంతంలో టీవీ ముందు వచ్చింది పట్టణాలకు కాదు, పల్లెలకు! 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు కార్యక్రమాలు పంపారు. అందులో రాయపూర్ చుట్టుపక్కల పల్లెలూ ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. అటు హిందీ, ఇటు తెలుగు. పొద్దున పూట బడిపిల్లలకని ప్రత్యేకంగా కార్యక్రమాలు ఉండేవి.

భిలాయి చరిత్ర తెలిసినవాళ్లకు నచ్చే విశేషం మాస్కోలో ఉంది. ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. రష్యన్ ఇంజినీర్లు కుటుంబాలతో సహా ఇక్కడే ఉండేవారు. అరవైల చివర్లో మాస్కోలోని సోయూజ్‌ముల్త్‌ఫిల్మ్ స్టూడియో భిలాయి పొరుగు అడవి కథనే బొమ్మల్లో గీస్తోంది. రోమన్ దవిదోవ్ దర్శకత్వంలో 1967 నుంచి 1971 దాకా అయిదు భాగాలు వచ్చాయి. డిస్నీ జంగిల్ బుక్ విడుదలైందీ 1967లోనే. చంద్రుడి మీదికి పోటీపడుతున్న రెండు అగ్రరాజ్యాలు ఒకే ఏడాది మోగ్లీని పట్టుకున్నాయన్నమాట.

రెండిటికీ పోలికే లేదు. డిస్నీలో ఆటపాటలు, రష్యన్‌లో బరువు. అక్కడ మోగ్లీ నేస్తం బఘీరా ఆడ చిరుత. మోగ్లీ కళ్లముందే పసివాడి నుంచి యువకుడవుతాడు. రేచుకుక్కలతో యుద్ధానికి ఒక భాగమంతా ఇచ్చారు. సంగీతం సోఫియా గుబైదులీనా, తర్వాత ప్రపంచమంతా గౌరవించిన స్వరకర్త. నవ్వించే జంతువులు వాళ్లకు లేవని కాదు. కుందేలు వెంట పడి ప్రతిసారీ భంగపడే తోడేలు సీరియల్‌ని 1969లో మొదలుపెట్టి దశాబ్దాలు తీశారు. మోగ్లీ దగ్గర మాత్రం నవ్వు తగ్గించుకున్నారు. నా మటుకు పుస్తకానికి దగ్గరగా నిలిచింది ఆ రష్యన్ మోగ్లీయే. పిల్లల మనసుకు దగ్గరైంది మాత్రం జపాన్ మోగ్లీ. 52 వారాలు ఇంటికి వచ్చిన చుట్టం మీద ఉండే ఆపేక్ష వేరు.

రష్యా స్నేహానికి గుర్తుగా భిలాయిలో 1972లో మైత్రీ బాగ్ పెట్టారు. జంతు ప్రదర్శనశాల కూడా అందులోనే. తెల్ల పులులకు పెట్టింది పేరు. మన దేశపు జూలలోని తెల్ల పులుల వంశం చాలావరకు 1951లో రీవా మహారాజు మార్తాండ్ సింగ్ పట్టించిన మోహన్ అనే కూనదే. టీవీలో షేర్ ఖాన్‌ని చూసిన పిల్లలు సాయంత్రం అసలు పులిని చూడాలని మారాం చేస్తే, తీసుకెళ్లడానికి చోటు ఊళ్లోనే ఉండేది. కంచె ఇవతల నిలబడి ‘ఇది మాట్లాడదేం?’ అని అడిగిన పిల్లలు ఎందరో!

దేశం మారినప్పుడల్లా ఈ అడవిలోకి కొత్త జంతువులు చేరాయి. జపాన్ వాళ్లు మోగ్లీకి కీచి అనే ఎర్ర పాండాను జత చేశారు. ఎర్ర పాండా హిమాలయాల జీవి, మధ్య భారతంలో దాని జాడే ఉండదు. మోగ్లీ చేతికి బూమరాంగ్ కూడా ఇచ్చారు. కిప్లింగ్ కోతులకు రాజే ఉండడు, రాజు లేకపోవడమే వాటి అవలక్షణం. డిస్నీ వాళ్లు వాటికి కింగ్ లూయీ అనే ఒరాంగుటాన్‌ను రాజుగా పెట్టారు. ఒరాంగుటాన్ ఇండోనేషియా, మలేషియా దీవుల్లోదే తప్ప మనది కాదు. ఆ సంగతి గుర్తుండబట్టే 2016 సినిమాలో లూయీని ఏనాడో అంతరించిపోయిన భారీ వానర జాతిగా మార్చారు.

అన్నిటికంటే చిత్రమైన మార్పు ‘టేల్‌స్పిన్’ అనే కార్టూన్ సీరియల్. అమెరికాలో 1990లో వచ్చింది, 65 భాగాలు. తొంభైల్లోనే దూరదర్శన్‌లో హిందీ మాట్లాడింది. అదే బాలూ, కానీ ఇప్పుడు నీళ్ల మీద వాలే సరుకు విమానానికి పైలట్. అదే షేర్ ఖాన్, కానీ సూటు వేసుకుని ఊరి వ్యాపారాన్నంతా గుప్పిట్లో పెట్టుకున్న కోటీశ్వరుడు. లూయీ హోటల్ నడుపుతాడు. మోగ్లీ మాత్రం లేడు. జపాన్ బాలూని చూసిన కళ్లతోనే ఈ బాలూని చూసి పిల్లలు ఏమాత్రం తడబడలేదు. మిత్రలాభం, మిత్రభేదం విని పెరిగిన ఇళ్లలో నక్క మంత్రాంగం చేస్తే లేని ఆశ్చర్యం, ఎలుగుబంటి విమానం నడిపితే ఎందుకుంటుంది?

భిలాయి టీవీల్లో ఇప్పుడు మాట్లాడే జంతువు జగ్గూ అనే కోతి. 2008లో మొదలైన ఛోటా భీమ్‌లో భీమ్‌కి నేస్తం. హిందీలో గలగలా మాట్లాడే ఆ కోతిని గీసింది టోక్యోలోనూ కాదు, హాలీవుడ్‌లోనూ కాదు. హైదరాబాద్‌లో రాజీవ్ చిలకా పెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థలో.