గోల్ కాసేవారి కవచకుండలాలు

సాయంత్రం చివరి గంట కొట్టగానే పుస్తకాల సంచులు గోడవారన పడేసి మైదానంలోకి పరుగెత్తేవాళ్ళలో మీరూ ఒకరై ఉంటారు. నల్లగొండలో అయినా, పాలమూరులో అయినా మన బడి మైదానాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఎర్రనేల, మధ్యమధ్య రాళ్ళు, అంచుల్లో పల్లేరు ముళ్ళు. రెండు రాళ్ళు పెడితే గోలు, మూడు కట్టెలు పాతితే వికెట్లు! ఆట మొదలయ్యేముందు ఒక తగవు మాత్రం తప్పదు. "గోల్లో ఎవరు నిలబడాలి?" చివరకు అందరిలోకి చిన్నవాణ్ణో, మెత్తనివాణ్ణో అక్కడ నిలబెడతారు. వాడి ఒంటిమీద చొక్కా, నిక్కరు తప్ప మరేమీ ఉండవు.

మిగతా ఆటగాళ్ళందరూ తమమీదికి దూసుకొచ్చే బంతిని తప్పించుకోవచ్చు. గోల్ కీపరు మాత్రం దానికి ఎదురు వెళ్ళాలి. అదే అతని పని. కర్ణుడు పుట్టుకతోనే కవచకుండలాలతో పుట్టాడని భారతకథలో విన్నారు కదా! మనకు ఆ అదృష్టం లేదు. మన కవచాన్ని మనమే తయారుచేసుకోవాలి. ఆ కవచం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో ఈ నెల తెలుసుకుందాం.

బంతి దెబ్బ ఎంత?

మన తెలుగు అమ్మాయి ఇ. రజని పేరు విన్నారా? చిత్తూరు జిల్లాకు చెందిన ఈమె భారత మహిళల హాకీ జట్టుకు గోల్ కీపరుగా ఆడారు. 2017లో ఆసియా కప్పు గెలిచిన జట్టులో ఈమె కూడా ఉన్నారు. ఇలాంటి గోల్ కీపరు ఆటకు దిగినప్పుడు చూస్తే మొదట మనిషి కనిపించదు. తలకు ఇనుప చువ్వల హెల్మెట్, ఛాతీకి కవచం, చేతులకు దిండ్లలాంటి ప్యాడ్లు, కాళ్ళకు పలకల్లాంటి ప్యాడ్లు మాత్రమే కనిపిస్తాయి. ఒక చిన్న బంతికి ఇంత హంగామా ఎందుకని మీకు అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం.

హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. క్రికెట్ బంతిదీ ఇంచుమించు అంతే. ఆరితేరిన ఆటగాడు కొడితే హాకీ బంతి గంటకు 100 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి బంతి బరువు 160 గ్రాములు, వేగం గంటకు 108 కిలోమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు 30 మీటర్లు. ద్రవ్యరాశిని వేగవర్గంతో గుణించి సగం చేస్తే గతిజశక్తి వస్తుందని తొమ్మిదో తరగతిలో చదివారు. ఆ లెక్కన ఈ బంతి గతిజశక్తి 72 జౌళ్ళు. రెండు కిలోల రాయి సుమారు మూడున్నర మీటర్ల ఎత్తునుంచి, అంటే పెంకుటింటి కప్పు మీదినుంచి, పడితే ఎంత శక్తి ఉంటుందో అంత అన్నమాట!

ఇక సమయం సంగతి చూడండి. హాకీలో పెనాల్టీ స్ట్రోకును గోలుకు 6.4 మీటర్ల దూరంనుంచి కొడతారు. మన బంతి ఆ దూరం దాటడానికి సెకనులో అయిదోవంతు చాలు. కంటితో చూసి, మెదడుకు తెలిసి, చెయ్యి కదలడానికి మనిషికి దాదాపు అంత కాలమే పడుతుంది. కాబట్టి "నేను చురుకైనవాణ్ణి, దెబ్బ తప్పించుకోగలను" అనుకోవడం పొరపాటు. కన్ను చేరుకోలేని చోట కవచం కాచుకుని ఉండాలి.

గుడ్డు చెప్పే పాఠం

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఒక పాత దుప్పటిని ఇద్దరు స్నేహితులు నిలువుగా, వదులుగా పట్టుకోవాలి. కింది అంచును ఒడిలాగా పైకి మడిచి పట్టుకోవాలి. ఇప్పుడు మీరు ఒక కోడిగుడ్డును దుప్పటి మధ్యకు మీ శక్తికొద్దీ విసరండి. గుడ్డు పగలదు! అదే గుడ్డును గోడకు విసిరితే ఏమవుతుందో ప్రయోగం చేయకుండానే చెప్పగలరు.

గుడ్డు అదే, వేగమూ అదే. మరి తేడా ఎక్కడ ఉంది? గోడ గుడ్డును ఒక్క క్షణంలో ఆపేసింది. దుప్పటి వెనక్కి జరుగుతూ మెల్లగా ఆపింది. ఆపడానికి పట్టే కాలం పెరిగితే బలం తగ్గుతుంది. చెట్టుమీది మామిడికాయ కొడుతుంటే కింద గోనెసంచి చాచి పట్టుకునేది ఇందుకే. మీరు చింతకొమ్మ మీదినుంచి దూకేటప్పుడు మోకాళ్ళు వంచేదీ ఇందుకే.

మన బంతి ద్రవ్యవేగం 0.16 × 30 = 4.8 కి.గ్రా. మీ./సె. ఇది సెకనులో వెయ్యోవంతు కాలంలో ఆగితే సగటు బలం 4,800 న్యూటన్లు. మెత్తని ఫోమ్ నొక్కుకుపోతూ ఆపడంవల్ల ఆ కాలం అయిదు రెట్లు పెరిగిందనుకోండి. బలం 960 న్యూటన్లకు పడిపోతుంది. ఇది మొదటి కిటుకు.

రెండో కిటుకు వైశాల్యానిది. బాలానగరం సీతాఫలాలను గంపలో పేర్చేటప్పుడు ఆకులు, గడ్డి ఎందుకు పరుస్తారు? కాయ బరువంతా ఒక్క బుడిపెమీద పడకుండా చుట్టూ పంచడానికి. ఒళ్ళు నేరుగా దెబ్బ తింటే బంతి తాకే చోటు అయిదు చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. కవచం పైనున్న గట్టి పలక ఆ దెబ్బను 200 చదరపు సెంటీమీటర్ల మేర పంచిందనుకుందాం. బలం అయిదోవంతైంది, వైశాల్యం నలభై రెట్లయింది. కాబట్టి పీడనం రెండువందలోవంతుకు దిగిపోయింది. విరగవలసిన ఎముక బతికిపోయింది!

కాలాన్ని పెంచు, వైశాల్యాన్ని పెంచు. లోకంలోని ఆటకవచాలన్నిటికీ మూలసూత్రం ఇదే.

తలనుంచి పాదందాకా

అంతర్జాతీయ హాకీ నియమాల ప్రకారం కవచాలు ధరించి ఆడే గోల్ కీపరుకు హెల్మెట్, కాలి ప్యాడ్లు, పాదాలపై కట్టుకునే కిక్కర్లు ఉండి తీరాలి. కాలి ప్యాడు వెడల్పు 30 సెంటీమీటర్లు దాటకూడదు. లేకపోతే ప్యాడ్లతోనే గోలంతా మూసేస్తారు కదా! వీటికి తోడు గొంతుకు పట్టీ, ఛాతీకి, మోచేతులకు, తొడలకు కవచాలు, పొత్తికడుపు కింద గార్డు వాడతారు.

హెల్మెట్ విషయంలో ఒక మాట గుర్తుంచుకోండి. అది పుర్రెను కాపాడినంత బాగా మెదడును కాపాడలేదు. కుండలో నీళ్ళు తొణికినట్టు దెబ్బకు మెదడు పుర్రెలోపల అదురుతుంది. తలకు దెబ్బ తగిలిన తర్వాత తలనొప్పి, వాంతి, తికమక, చూపు మసకబారడం, నిద్రమత్తు వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకు ఆట మానాలి. వెంటనే డాక్టరుకు చూపించాలి.

నాన్నగారి మోటారు సైకిలు హెల్మెట్ పెట్టుకుని వికెట్ల వెనుక నిలబడేవారిని నేను చూశాను. అది సరికాదు. అందులోపల ఉండేది థర్మోకోల్ వంటి పదార్థం. పెద్ద దెబ్బకు అది ఒక్కసారే నలిగి మనల్ని కాపాడుతుంది, తిరిగి ఉబ్బదు. అందుకే ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్‌ను మళ్ళీ వాడకూడదంటారు. ఆటల హెల్మెట్ పదేపదే దెబ్బలు తినడానికి తయారైంది. పైగా దాని చువ్వల మధ్యనుంచి కాళ్ళ దగ్గరి బంతి కూడా కనిపిస్తుంది.

"మూడు బంతులే కదా!"

కవచం వేసుకుంటే పిరికివాడంటారని కొందరికి భయం. కెనడాలోని మాంట్రియల్ మంచు హాకీ జట్టు గోల్ కీపరు జాక్ ప్లాంట్‌కు 1959 నవంబరు 1న న్యూయార్కులో ఆడుతుండగా ముఖంమీద దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ముసుగు లేనిదే తిరిగి ఆడనని ఆయన పట్టుబట్టాడు. శిక్షకుడికి ఇష్టం లేకపోయినా ఒప్పుకోక తప్పలేదు. ఆ ఆటలో ఆయన జట్టే గెలిచింది. తర్వాత పదిహేనేళ్ళు గడిచేసరికి ఆ పోటీల్లో ముసుగు లేని గోల్ కీపరే లేకుండా పోయాడు.

రెండో కథ విషాదమైనది. మన దేశపు క్రికెట్ ఆటగాడు రమణ్ లాంబా 1998 ఫిబ్రవరిలో ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్ ఆడుతూ బ్యాట్స్‌మన్‌కు అతి దగ్గరగా నిలబడ్డాడు. హెల్మెట్ తెప్పించుకోమంటే, ఓవర్లో మిగిలినవి మూడు బంతులే కదా అని వద్దన్నాడు. బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి కణతకు తగిలింది. మూడు రోజుల తర్వాత ఆయన కన్నుమూశాడు. వయసు 38 ఏళ్ళు. ప్రమాదానికి మూడు బంతులు అక్కరలేదు, ఒక్కటి చాలు.

గుండె మీద దెబ్బ

కవచమున్నా పూర్తిగా తొలగని ముప్పు ఒకటుంది. దాన్ని తెలుసుకోవడానికి లాక్రాస్ అనే ఆట దగ్గరికి వెళ్దాం. ఉత్తర అమెరికా ఆదివాసుల నుంచి వచ్చిన ఆట ఇది. కర్ర చివర కట్టిన చిన్న వలతో గట్టి రబ్బరు బంతిని పట్టుకుని విసురుతారు. గోలు కేవలం 1.83 మీటర్ల చదరం. దాని ముందు నిలిచే కీపరు ఒళ్ళడ్డం పెట్టి ఆపాలి. 1908 తర్వాత ఈ ఆటకు ఒలింపిక్ పతకాలు లేవు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో దాన్ని మళ్ళీ చేర్చారు.

లాక్రాస్, బేస్‌బాల్ వంటి ఆటల్లో ఒక వింత విషాదం డాక్టర్ల కంటపడింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి ఛాతీకి బంతి తగులుతుంది. ఎముక విరగదు, గాయం ఉండదు. పిల్లవాడు మాత్రం కుప్పకూలిపోతాడు. ఎందుకంటే, ప్రతి స్పందన తర్వాత గుండె కింది గదులైన జఠరికలు మరుసటి స్పందనకు సిద్ధమవుతాయి. అందులో సెకనులో నూరింట రెండు మూడు వంతులకు మించని ఒక బలహీన క్షణం ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో, సరిగ్గా గుండెకు ఎదురుగా దెబ్బ తగిలితే దాని లయ చెదిరిపోతుంది. గుండె కొట్టుకోవడం మాని గజగజ వణుకుతుంది, రక్తం ముందుకు పోదు. ఇది చాలా అరుదు. అయితే ఛాతీ గోడ ఇంకా గట్టిపడని మీ వయసువాళ్ళలోనే ఎక్కువ. బంతి మహావేగంగా రానక్కరలేదు. పందులపై జరిపిన ప్రయోగాల్లో గంటకు సుమారు 64 కిలోమీటర్ల వేగమే అన్నిటికంటే ప్రమాదకరమని తేలింది.

పాత రకం ఛాతీ కవచాలు వేసుకున్నవారిలోనూ కొందరు ఇలా కూలిపోయారు. అవి పక్కటెముకల కోసం చేసినవి, గుండె లయ కోసం కాదు. తర్వాత దీనికోసం వేరుగా ప్రమాణం తయారుచేశారు. అమెరికాలో 2021 నుంచి లాక్రాస్ గోల్ కీపర్లు ఆ ప్రమాణానికి నిలిచిన కవచమే ధరించాలని నియమం పెట్టారు.

మన పక్కనున్నవాడు ఇలా పడిపోతే? పిలిస్తే పలకక, సరిగా ఊపిరి తీయకపోతే ఒకరు 108కి ఫోను చేయాలి. మరొకరు ఛాతీ మధ్య ఎముకమీద రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, అయిదు సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. సహాయం వచ్చేదాకా ఆపకూడదు. నీళ్ళు చల్లుతూ, విసురుతూ కూర్చుంటే గడిచిన ప్రతి నిమిషం ప్రాణాన్ని దూరం చేస్తుంది. వణుకుతున్న గుండెను విద్యుత్తుతో దారిలో పెట్టే యంత్రం వచ్చేవరకు నొక్కేవారి చేతులే ఆ గుండె.

మన బడిలో ఏం చేయవచ్చు?

ఖరీదైన కవచాలు మన బడులన్నిటిలో లేవు. అలాగని చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. కవచం లేకపోతే బంతిని మార్చండి. టెన్నిస్ బంతి తేలికైనది, తగిలినప్పుడు తానే నొక్కుకుపోతుంది. అంటే కవచం బంతిలోనే ఉందన్నమాట! కార్కు బంతితో ఆడితే మాత్రం హెల్మెట్, ప్యాడ్లు, గార్డు లేనివారిని వికెట్ల వెనుక నిలబెట్టకండి. బడికి ఒక్క సెట్టు ఉన్నా గోల్లో నిలబడేవారికి వంతులవారీగా ఇవ్వండి. అది ఒంటికి సరిపోవాలి. జారిపోయే ప్యాడు, పగుళ్ళు పట్టిన హెల్మెట్ లేనిదానితో సమానం. ఛాతీ నొక్కే పద్ధతిని మీ ఊరి ఆరోగ్య కార్యకర్తను పిలిపించి నేర్చుకోండి.

రేపు సాయంత్రం మళ్ళీ ఆ తగవు వస్తుంది. "గోల్లో ఎవరు?" అని అడిగేముందు, "గోల్లో నిలబడేవాడికి ఏముంది?" అని అడగండి.