మీకు తెలుసా? పట్నం ర్యాంకు, పల్లె నీళ్లు

2019లో మెర్సర్ సంస్థ 231 నగరాలకు జీవన నాణ్యత ర్యాంకులిచ్చింది. వియన్నా వరుసగా పదోసారి మొదటిది. హైదరాబాద్, పుణె రెండూ 143వ స్థానంలో నిలిచాయి. మన దేశంలో అదే పైమెట్టు. ఆ లెక్కల్లో మంచినీళ్లకూ మార్కులుంటాయి.

హైదరాబాద్ పట్నానికి 2004 నుంచి కృష్ణా నీళ్లు నల్లగొండ జిల్లా మీదుగా వస్తున్నాయి. నాగార్జునసాగర్ వెనుక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయంలో నింపి, కోదండాపూర్‌లో శుద్ధిచేసి, నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో తోస్తారు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది 500 మీటర్లకు పైన! నీరు పల్లమెరుగు అంటారు గానీ, ఇక్కడ ఎరిగింది కరెంటు మోటార్లనే.

ఇదే జిల్లాలో మర్రిగూడ వైపు బోరునీటి ఫ్లోరైడ్ తరాల తరబడి మనుషుల ఎముకలు వంచింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు వచ్చింది. అది టాంజానియా దాకా వెళ్లింది.

అన్నట్టు, మెర్సర్ ర్యాంకులు విదేశాలకు ఉద్యోగులను పంపే కంపెనీల కోసం. పట్నం మేడలు కట్టడానికి వలసొచ్చి, అడ్డా మీద నిలబడే పాలమూరు కూలీ అద్దె గది ఆ లెక్కలోకి రాదు.