అందరికీ వైద్యము – ఆరోగ్యశ్రీ అనుభవము

మన గోదావరి డెల్టా అన్నపూర్ణయని పేరుపొందినది. అయినను, ఇంటిలో ఒకరికి పెద్ద జబ్బు వచ్చినచో ఇంటివారు మొదట చూచునది పెట్టెలోని బంగారమును, పిమ్మట వడ్డీ వ్యాపారి ముఖమును. రోగి చెల్లింపుశక్తితో నిమిత్తము లేకుండ ప్రతి పౌరునకు చికిత్స లభింపజేయుటయే సర్వజన వైద్య విధానము. విద్యార్థులు దీని గుణదోషములను తెలిసికొనుట అవసరమని మేము భావించుచున్నాము.

ఈ భావన పరదేశపు దిగుమతి యని కొందరందురు. అది సరికాదు. 1943లో నియమింపబడిన భోర్ కమిటీ తన 1946 నాటి నివేదికలో, డబ్బు లేని కారణమున ఎవరికిని వైద్యము అందకపోరాదని సూచించినది. బ్రిటన్ 1948 జూలై 5న తన జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించినది. అక్కడ కళ్లజోళ్లకు, కట్టుడు పళ్లకు జనము ఎంతగా ఎగబడిరనగా, 1951లో వానికి కొంత రుసుము పెట్టవలసి వచ్చినది. అందుకు నిరసనగా ఆ సేవను నెలకొల్పిన మంత్రి బెవాన్ రాజీనామా చేసెను. ఉచితమన్న మాట ఖజానాకు ఎంత బరువో దీనివలన తెలియగలదు.

మన రాష్ట్రము వేరొక మార్గము త్రొక్కినది. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకము మొదలై, అదే సంవత్సరము డిసెంబరులో ఉభయ గోదావరి జిల్లాలకు వచ్చినది. ఆరంభ కాలమున తెల్లకార్డు గల కుటుంబమునకు ఏడాదికి రెండు లక్షల రూపాయల వరకు, నిర్ణయింపబడిన పెద్ద జబ్బులకు, ప్రభుత్వ ఆసుపత్రిలోనే గాక ప్రైవేటు ఆసుపత్రిలోను ఉచిత చికిత్స చేసెడివారు. 2020 జనవరిలో ఏలూరులో ఆరంభమైన ప్రయోగముతో పశ్చిమ గోదావరి జిల్లాలో 2,059 చికిత్సలు దీని పరిధిలోనికి వచ్చినవి. ప్రభుత్వములు మారినప్పుడు పథకము పేరు కూడ మారినది గాని పథకము నిలిచినది. కూలివాని గుండెకు కార్పొరేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరుగుట ఒకప్పుడు ఊహకందని మాట. ఈ మేలును తక్కువ చేసి చెప్పువారు పేదరికమును దగ్గరగా చూడనివారని మా అభిప్రాయము.

అయితే మేమెరిగిన ఒక సంగతి చెప్పవలెను. మా విద్యార్థిని యొకతె తండ్రి కోనసీమలో కొబ్బరి దింపు తీయువాడు. అతనికి గుండె శస్త్రచికిత్స పైసా ఖర్చు లేకుండ జరిగినది. కాని వ్యాధి నిర్ధారణ కాక మునుపు తిరిగిన తిరుగుళ్లకు, బస్సు ఛార్జీలకు, తోడుండినవారి భోజనములకు చేసిన అప్పు మిగిలినది. చెట్టెక్కరాదని డాక్టరు గారు చెప్పిరి. సంపాదన నిలిచిపోయినది. ఆ అమ్మాయి సగము సంవత్సరము తరగతికి రాలేదు. చికిత్స ఉచితమగుట వేరు, జబ్బు ఉచితమగుట వేరు. 2019 డిసెంబరులో విశ్రాంతి కాలమునకు రోజుకు 225 రూపాయల భృతి నిచ్చు ఆరోగ్య ఆసరా వచ్చుటకు కారణము ఇట్టి కుటుంబములే.

మరియొక దోషము సొమ్ము పోవు దారికి సంబంధించినది. ప్రభుత్వము చికిత్సను కొనునదిగా మారినప్పుడు అమ్మువాని లెక్క ఆసుపత్రిలో ప్రవేశించును. అవసరము లేని గర్భసంచి శస్త్రచికిత్సలు జరుగుచున్నవన్న ఆరోపణ మన రాష్ట్రమున గట్టిగానే వినవచ్చినది. మరియొక వైపు, బిల్లులు సకాలమున చెల్లింపబడనందున 2025 అక్టోబరులో ప్రైవేటు ఆసుపత్రులు ఈ పథకపు సేవలను నిలిపివేసినవి. కార్డు చేతిలో నున్నను తలుపు మూయబడి యుండుట రోగికి ఎంత దుర్భరమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి వేళ ప్రభుత్వ ఆసుపత్రి విలువ తెలియును. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున వందల మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు, జబ్బు పేరైనను తెలియక ముందే వారిని చేర్చుకొన్నది అక్కడి సర్కారు దవాఖానాయే. పేరు లేని జబ్బును ఏ జాబితాలో వెదకగలము?

డెల్టాకు స్వంతమైన జబ్బు బోదకాలు. దీని పరిశోధనకు, శిక్షణకు రాజమండ్రిలో కేంద్ర ప్రభుత్వపు సంస్థయే కలదు. మురుగు కాలువలలో పెరుగు క్యూలెక్స్ దోమ దీనిని వ్యాపింపజేయును. కాలు పూర్తిగా వాచిన పిమ్మట పెద్ద ఆసుపత్రి చేయగలిగినది స్వల్పము. ఈ వ్యాధి ఉన్న ప్రాంతములలో ఏడాదికొకమారు ఇంటింటికి పంచు డి.ఇ.సి. మాత్రలు చాల చవుక. కాని ఆరోగ్యముగా నున్నామని తలచి వానిని గూటిలో పెట్టి మరచువారు మన వీధులలో ఎందరో కలరు. మా ఇంటి గూటిలోను ఒక సంవత్సరపు మాత్రలు దొరికినవని ఒప్పుకొనుచున్నాము.