పులికాటు తీరమున పక్షుల పండుగ

కావ్యములు చదువుకొన్న సోదరీమణులకు హంసను గూర్చి వేఱుగ చెప్పనేల? దమయంతికి నలుని సుద్దులు మోసినదియు, పాలను నీటిని వేఱుచేయునదియు హంసయే కదా. ఆ పేరు పెట్టి మన తీరమువారు పిలుచుకొను పక్షి యొకటి యేటేట శీతకాలమున తడ, సూళ్లూరుపేట ప్రాంతములకు వేలకొలదిగ వచ్చి దిగుచుండును. ఇంగ్లీషున దానిపేరు ఫ్లెమింగో. ఇచ్చట రాజహంస యందురు. సముద్రపు రామచిలుక యనియు నందురు. దానిపేరిట 2001లో నొక యుత్సవము మొదలైనది. 2020 తరువాత కొన్నియేండ్లు నిలిచిపోయి, 2025 జనవరి 18 మొదలు మూడుదినములు మరల జరిగినది. మేమును పోయి చూచితిమి.

తడ చెన్నపట్టణము నుండి గూడూరునకు వచ్చు రైలుదారిలోనిది. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. ఊరికి తూర్పున పులికాటు సరస్సు. మనదేశపు ఉప్పునీటి సరస్సులలో చిల్క తరువాత నిదియే పెద్దది. దీనికిని సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి గోడవలె నిలిచియున్నది.

భీములవారిపాలెమున పడవ యెక్కితిమి. నీరు లోతులేదు, పెక్కుచోట్ల అడుగునున్న బురద కానవచ్చుచునే యుండెను. పక్షులను దగ్గఱగ చూడవలెనన్న ఆశ మాత్రము పడవలో తీరలేదు. మఱునాడు సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు సరస్సునకు అడ్డముగ వేసిన బాటమీద, అటకానితిప్పయొద్ద నిలిచి దుర్భిణితో చూచితిమి. దూరమున నీటిపై గులాబిరంగు చీర ఆరవేసినట్లుండెను. చూచుచుండగా ఆ చీరకు కాళ్లు మొలచి కదలినవి!

ఈ పక్షి తిండితినుట మిక్కిలి వింత. మెడ వంచి, తలను తలక్రిందుగ నీట ముంచును. వంకరముక్కు లోపల సన్నని దువ్వెనపండ్లవంటివి గలవు. నాలుకతో నీటిని లోనికి లాగి, వెలికి నెట్టి, మిగిలిన నాచును, చిన్నపురుగులను మ్రింగును. పాలు నీరు కాకున్నను, బురదను తిండిని వేఱుచేయు విద్య దీనికి నిజముగనే కలదు. ఆ తిండిలోని వర్ణద్రవ్యమువలననే రెక్కలకు గులాబిరంగు. పిల్లలకు ఆ రంగుండదు. మట్టిదిబ్బపై ఒక్కటే గ్రుడ్డు పెట్టును. తల్లియే కాదు, తండ్రియు గొంతులో నూరిన పాలవంటి ద్రవమును బిడ్డనోటి కందించును. ఈ సంగతి చెప్పగా మావారు దుర్భిణి సవరించుకొనుచు మాటాడకుండిరి.

రాజహంసలు ఇచ్చటికి వచ్చుట మేతకొఱకు. మనదేశమున అవి గుంపులుగ గ్రుడ్లు పెట్టు చోటు కచ్ఛపు ఉప్పునేలలు. ఇచ్చట పురుళ్లు పోసికొనునవి గూడబాతులు, నత్తగుల్లకొంగలు. వాని పుట్టిల్లు దొరవారిసత్రము దగ్గఱి నేలపట్టు. 1976లో దానిని రక్షితస్థానముగ నిర్ణయించిరి. చెఱువులోని కడపచెట్లనిండ గూళ్లే. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలములకు ఎరువని ఆ యూరివారు వానిని అదృష్టముగ నెంచుదురు. మేము చూచిన వానిలో మాకు మిక్కిలి నచ్చిన దిదియే.

సాయంకాలము సూళ్లూరుపేటలో దీపములు, అంగళ్లు, బాలికల నృత్యములు, పాటకచేరీలు. జనసమ్మర్దము చెప్పనలవికాదు. పొదుపుసంఘముల స్త్రీలు తమ చేతివస్తువులను అమ్ముకొనుట చూచి సంతసించితిమి. కాని ధ్వనియంత్రముల మ్రోతకు మా చెవులే దిబ్బడలువేసినవి. పక్షుల పండుగకు ఇంత గోల యేలనో మాకు బోధపడలేదు.

భీములవారిపాలెమున రొయ్యలు ఏరుచున్న యొక ముదుసలిని, "ఏమవ్వా, పండుగ చూడ రాలేదా?" యని యడిగితిమి.

"మాకు పండగ నీళ్లు కదమ్మా! పిట్టలొచ్చినాయంటే నీళ్లుండాయని గురుతు. నీళ్లుంటే వాటికీ మేతే, మాకూ మేతే. ముకద్వారం పూడిపోతే ఈడ ఇంగేముండాది?" అనెను.

ఆమె మాట సత్యము. సముద్రపునీరు సరస్సులోనికి వచ్చు ముఖద్వారములకు ఇసుక అడ్డుపడుచున్నది. ఆటుపోటులు ఆగినచో చేపపిల్లయు రొయ్యపిల్లయు లోనికి రావు. వేసవిలో ఉత్తరభాగము బీటలువారి, ఉప్పు తేలిన బయలై కానవచ్చును. పూడిక తీయించుడని జాలరులు ఎన్నియో యేండ్లుగ మొఱపెట్టుచున్నారు. పండుగ మూడుదినములది, వారి బ్రతుకు పండ్రెండునెలలది.

చూడదలచిన సోదరీమణులు ఉత్సవమునకై కాచియుండనక్కఱలేదు. గూడబాతులు ఇంచుమించు అక్టోబరు నుండి వేసవి మొదలువఱకు నేలపట్టున నుండును. తెల్లవాఱుజామున పోవలెను. కండ్లకు కొట్టు రంగుచీరలు కట్టుకొనరాదు. పిల్లలను కేకలు వేయనీయరాదు. నీరును, ఫలహారమును ఇంటినుండియే కొనిపోవుట మేలు.