కోలుకునేటప్పుడు పక్కన ఎవరున్నారు?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్‌ని మన ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అంటారు. అది ఒకటి రెండు రోజుల్లో తేలే పని కాదు. వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు ఐదు వారాలు బయటి నుంచి ఇస్తారు. ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ ఉంటుంది. అంతా కలిపి ఎనిమిది వారాల్లోపు ముగించాలని డాక్టర్లు పట్టుబడతారు. దానికి గట్టి కారణం ఉంది. మధ్యలో విరామం వస్తే, చావకుండా మిగిలిన క్యాన్సర్ కణాలు ఆ సందులో మళ్లీ వేగంగా పెరగడం మొదలుపెడతాయి. గడువు దాటాక ఆలస్యమయ్యే ఒక్కో రోజుకీ జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గుతుందని అనేక దేశాల లెక్కలు చెబుతున్నాయి. తల, మెడ క్యాన్సర్లలోనూ ఈ ఆలస్యం ఇలాగే నష్టం చేస్తుంది.

రోజూ యంత్రం కింద పడుకునేది కాసేపే. మిగతా రోజంతా ఎక్కడుండాలి? ఆదిలాబాద్ జిల్లా పల్లె నుంచి హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆసుపత్రికో, శ్రీకాకుళం నుంచి విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వచ్చిన మనిషి రెండు నెలలు రోజూ ఇంటికి వెళ్లి రాలేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక చికిత్స ఖర్చు విషయంలో పేద కుటుంబాలకు పెద్ద ఊరట దొరికింది. కానీ గది అద్దె, తోడు వచ్చిన భర్తకో కొడుకుకో పోయే కూలి, ఇంటి దగ్గర గేదెకు మేత వేసేవాళ్లు, చిన్న పిల్లను బడికి పంపేవాళ్లు... వీటికి ఏ కార్డూ లేదు. చాలామంది చికిత్స మధ్యలో ఆపేసి ఊరికి వెళ్లిపోయేది ఇక్కడే.

అందుకే నగరంలో ఉన్న పిన్ని "ముందు గది ఖాళీగానే ఉంది, రెండు నెలలూ ఇక్కడే ఉండండి" అంటే, ఆవిడ మర్యాదకు మించిన పని చేసినట్టు. చికిత్స గడువులోపు పూర్తయ్యేలా చూసిన మనిషి ఆవిడ. పక్కింటివాళ్లు గేదెను చూసుకుంటే వాళ్లదీ అందులో భాగమే. పిల్లల క్యాన్సర్లలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్లలో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కి చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. అంతకాలం నిలబడలేక కుటుంబాలు వెనక్కి వెళ్లిపోతుంటే, ఆ పిల్లలకీ తల్లిదండ్రులకీ ఉచితంగా బస ఇవ్వడానికే 2006లో ముంబైలో సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు మొదలయ్యాయి. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

నలుగురి అండ రోగి ఆయుష్షు మీద ప్రభావం చూపుతుందా అన్న ప్రశ్నకు ఆధారాలు ఇలాంటి చేతల సాయం దిక్కునే ఎక్కువగా దొరుకుతున్నాయి. అమెరికాలో నర్సుల ఆరోగ్యం మీద దశాబ్దాలుగా సాగుతున్న అధ్యయనం ఒకటుంది. అందులో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,835 మంది వివరాలను కాండిస్ క్రోంకీ బృందం 2006లో పరిశీలించింది. జబ్బు బయటపడే నాటికే ఒంటరిగా ఉన్న స్త్రీలకు, అయినవాళ్ల మధ్య ఉన్న స్త్రీలతో పోలిస్తే, ఏ కారణంతోనైనా చనిపోయే ముప్పు 66 శాతం ఎక్కువగా, రొమ్ము క్యాన్సర్‌తోనే చనిపోయే ముప్పు రెండింతలుగా తేలింది. ఆ పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో ఫలితం. మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఉన్నారా లేరా అన్నదానికీ ఆయుష్షుకీ సంబంధం కనిపించలేదు. దగ్గరి బంధువులు, స్నేహితులు, బతికున్న పిల్లలు ఉన్నారా అన్నదానికి మాత్రం కనిపించింది. ఆసుపత్రికి తీసుకెళ్లడం, వండిపెట్టడం, మందు వేళకు గుర్తుచేయడం లాంటి చేతల వల్లే ఈ తేడా వచ్చి ఉంటుందని పరిశోధకుల అంచనా.

2013లో వచ్చిన మరో అమెరికన్ అధ్యయనం 7,34,889 మంది క్యాన్సర్ రోగుల రికార్డులు చూసింది. పెళ్లయి జీవిత భాగస్వామితో ఉన్నవాళ్లలో క్యాన్సర్ మరణాల ముప్పు మిగతావాళ్ల కన్నా దాదాపు 20 శాతం తక్కువ. ఒంటరివాళ్లలో జబ్బు ముదిరాక బయటపడటం, పూర్తి చికిత్స అందకపోవడం ఎక్కువ. ఇందులో పెళ్లి మహిమ ఏమీ లేదని నా నమ్మకం. "ఆ గడ్డ ఏంటో చూపించుకోవా" అని రోజూ పోరే మనిషి ఇంట్లో ఉండటమే అసలు సంగతి. ఆ పోరు అక్క పెట్టొచ్చు, స్నేహితురాలు పెట్టొచ్చు, పనిచేసే చోట పక్క సీటు మనిషీ పెట్టొచ్చు.

శరీరం లోపల కూడా ఏదైనా జరుగుతోందా? టెక్సాస్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో అనిల్ సూద్ బృందం అండాశయ క్యాన్సర్ ఉన్న ఎలుకలను ఎడతెగని ఒత్తిడికి గురిచేసి చూసింది. భయం, ఆందోళన కలిగినప్పుడు ఊరే నార్ఎడ్రినలిన్ లాంటి రసాయనాలు కణితి కణాల మీది గ్రాహకాలకు తగులుకుని, కణితికి కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తున్నాయని 2006లో ప్రకటించింది. అండాశయ క్యాన్సర్ ఉన్న స్త్రీల మీద సూసన్ లుట్‌గెండార్ఫ్ చేసిన పనిలో, అండ తక్కువగా ఉన్నవాళ్ల కణితుల్లో నార్ఎడ్రినలిన్ ఎక్కువగా కనిపించింది. ఈ దారి ఆసక్తికరమైనదే. అయితే దీన్ని పట్టుకుని 'మనసు బాగుంటే క్యాన్సర్ తగ్గిపోతుంది' అనేంత దూరం పోకూడదు. ఆ దూరం పోయి వెనక్కి వచ్చిన కథ ఒకటి ఉంది.

స్టాన్‌ఫర్డ్ మానసిక వైద్యుడు డేవిడ్ స్పీగెల్, శరీరమంతా పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది స్త్రీలతో ఒక పరీక్ష చేశాడు. కొందరు మామూలు చికిత్సతో పాటు ఏడాది పాటు వారానికోసారి కూర్చుని భయాలు, బాధలు చెప్పుకున్నారు. మిగతావాళ్లకు మామూలు చికిత్స మాత్రమే అందింది. ఆయుష్షులో తేడా రాదనే అనుకుని ఆయన లెక్క తీశాడు. 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం మాత్రం వైద్యలోకాన్ని కుదిపేసింది. కలిసి కూర్చున్నవాళ్లు సగటున 36.6 నెలలు బతికితే, మిగతావాళ్లు 18.9 నెలలే బతికారు. ఎందరో దీని మీద ఆశలు పెట్టుకున్నారు. 2001లో కెనడాలో పమేలా గుడ్విన్ 235 మందితో అదే పరీక్ష మళ్లీ చేసింది. ఆయుష్షు పెరగలేదు. 2007లో స్పీగెల్ స్వయంగా 125 మందితో చేసినప్పుడూ మొత్తం మీద ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. తన తొలి ఫలితాన్ని తానే మళ్లీ పరీక్షకు పెట్టి, వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు ప్రచురించిన ఆ నిజాయతీకి నేను నమస్కరిస్తాను.

గుడ్విన్ పరీక్షలో నిలిచిన ఫలితం ఇంకొకటుంది. బృందంతో కూర్చున్న స్త్రీలకు దిగులు తగ్గింది, నొప్పి కూడా తక్కువగా తెలిసింది. మొదట్లో బాగా కుంగిపోయి ఉన్నవాళ్లకే ఈ మేలు ఎక్కువ జరిగింది. నొప్పి తగ్గడం చిన్న లాభమని రాత్రంతా నొప్పితో మేలుకున్నవాళ్లెవరూ అనరు.

రోగికి మనం పదే పదే చెప్పే "ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు, సగం జబ్బు అదే పోతుంది" అన్న మాటను ఇక్కడ పట్టించుకోవాలి. మాట మంచిదే, వెనక ఉన్న మనసూ మంచిదే. కానీ దాని మరో అంచు రోగికి గుచ్చుకుంటుంది. ఒకరోజు ఏడుపు వస్తే, 'నేనే జబ్బును పెంచుకుంటున్నానా' అన్న భయం పట్టుకుంటుంది. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో క్యాన్సర్ రోగుల మానసిక వైద్యానికి పునాది వేసిన జిమ్మీ హాలండ్, రోగుల మీద పడే ఈ ఒత్తిడికి వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడింది. 2007లో జేమ్స్ కోయిన్ బృందం తల, మెడ క్యాన్సర్ ఉన్న 1,093 మందిని పరిశీలించి, చికిత్స మొదట్లో వాళ్ల మానసిక స్థితికీ ఎంతకాలం బతికారన్నదానికీ సంబంధం లేదని తేల్చింది. కాబట్టి ఈ వ్యాసం చదివే రోగులెవరైనా ఉంటే ఒక్క మాట. ఏడుపొస్తే ఏడవండి. దానివల్ల జబ్బు తిరగబెట్టదు.

మరి అండగా నిలిచినవాళ్ల పట్ల రోగికి కలిగే కృతజ్ఞత సంగతేమిటి? దాని మీద కూడా పరిశోధనలు జరిగాయి. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లఫ్ 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరిని, తమకు జరిగిన మంచిని క్రమం తప్పకుండా రాసుకోమన్నారు. కొందరిని చిరాకులు రాసుకోమన్నారు. నరాలు, కండరాల జబ్బు ఉన్నవాళ్లు 21 రోజులు రాసినప్పుడు, మంచిని రాసుకున్నవాళ్లు ఎక్కువసేపు నిద్రపోయారు, లేచాక తేటగా ఉన్నామన్నారు. 2016లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ తొలి దశలో చికిత్స పొందిన అరవై మందికి పైగా స్త్రీలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు ఆరు వారాల పాటు వారం వారం కాసేపు కూర్చుని, తమకు మేలు చేసిన ఒకరికి ఉత్తరం రాసింది. ఆ జట్టులో, జబ్బు తిరగబెట్టి చనిపోతామేమో అన్న భయం తగ్గింది.

ఆ భయం ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. చికిత్స అయి ఏడాది దాటినా, మామూలు దగ్గు వస్తే ఊపిరితిత్తులకు పాకిందేమో అనిపిస్తుంది. నడుము పట్టేస్తే ఎముకలోకి వచ్చిందేమో అనిపిస్తుంది. స్కానింగ్ ముందు రోజు రాత్రి నిద్ర ఉండదు. ప్లాస్టిక్ కవరులో రిపోర్టుల ఫైలు నాలుగుసార్లు తీసి సర్దుతారు. అలాంటి రాత్రి "నాకు ఎవరున్నారు" అన్న ప్రశ్నకు కాగితం మీద పేర్లు ఉండటం చిన్న విషయం కాదు. రెండో కీమోకి సెలవు పెట్టి వచ్చిన తమ్ముడు, నోరంతా పూసి ఏమీ మింగుడుపడనప్పుడు రాగి జావ చల్లార్చి పంపిన ఎదురింటావిడ, జుట్టు ఊడినప్పుడు చూపు తిప్పుకోకుండా మామూలుగా మాట్లాడిన సహోద్యోగి. మనస్తత్వ శాస్త్రవేత్త సారా ఆల్గో అంటున్నది ఇదే. నా మేలు కోరేవాళ్లెవరో గుర్తుపట్టడానికి, ఉన్నవాళ్లను మళ్లీ తలుచుకోవడానికి, బంధం గట్టిపడటానికి కృతజ్ఞత పనికొస్తుంది.

ఇలా కృతజ్ఞత రాసుకోవడం వల్ల కలిగే ప్రభావం పెద్దదేమీ కాదు, అద్భుతాలు ఆశించకూడదు. పైగా కృతజ్ఞత బలవంతాన పుట్టేది కాదు. "నీకన్నా కష్టంలో ఉన్నవాళ్లు ఎందరో, దేవుడు నీకు ఇంతైనా ఇచ్చాడని సంతోషించు" అని రోగికి పాఠం చెప్పడం క్రూరమైన పని. ఆ మాట రోగి తనంతట తాను అనుకుంటే బలం. ఎదుటివాళ్లు అంటే నోరు నొక్కేయడమే.

అసలైన వెలితి చికిత్స ముగిశాక మొదలవుతుంది. ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే అమెరికన్ డాక్టరుకు 32 ఏళ్ల వయసులో ఛాతీలో క్యాన్సర్ వచ్చింది. 1985లో ఆయన రాసిన వ్యాసం వైద్యుల ఆలోచననే మార్చింది. కోలుకోవడంలో చికిత్స కాలం, ఆ తర్వాత భయంతో, నీరసంతో సాగే కాలం, చివరికి కుదుటపడే కాలం అని మూడు దశలున్నాయనీ, రెండో దశలో రోగిని అందరూ వదిలేస్తున్నారనీ ఆయన వాదన. మన దగ్గరా అంతే. ఆఖరి కీమో అయిన రోజున మిఠాయి పంచుతాం, ఇక ఫోన్లు ఆగిపోతాయి. కీమో తెచ్చిన నీరసం నెలల తరబడి పోదు. అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. చంకలో గ్రంథులు తీసేసినవాళ్లలో కొందరికి చెయ్యి వాచి, నీళ్ల బిందె ఎత్తడం కష్టమవుతుంది. మనిషి పైకి బాగానే కనిపిస్తుంది కాబట్టి ఇంటి చాకిరీ అంతా మళ్లీ ఆవిడ నెత్తిన పడుతుంది.

ఈ దశలో అదే దారిన నడిచినవాళ్లు చేసే మేలు ఇంకెవరూ చేయలేరు. 1952లో న్యూయార్క్‌లో రొమ్ము తొలగించే ఆపరేషన్ చేయించుకున్న టెరీస్ లాసర్‌కి, చెయ్యి మళ్లీ ఎలా ఎత్తాలో, బట్టలు ఎలా వేసుకోవాలో చెప్పే దిక్కు లేకపోయింది. తాను కోలుకున్నాక ఆసుపత్రులకు వెళ్లి, ఆపరేషన్ అయిన స్త్రీల మంచం పక్కన కూర్చుని అవన్నీ చెప్పడం మొదలుపెట్టింది. డాక్టర్లు కోప్పడ్డారు, కొన్ని ఆసుపత్రులు రానివ్వలేదు. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీయే ఆ పనిని తన కార్యక్రమంగా తీసుకుంది. మన దేశంలో, క్యాన్సర్ నుంచి కోలుకున్న వందనా గుప్తా 1994లో ముంబైలో వి కేర్ సంస్థతో ఇలాంటి పనే మొదలుపెట్టారు. కేరళ ఇంకో అడుగు వేసింది. 2001 నుంచి మలప్పురం, కోళికోడ్ ప్రాంతాల్లో మామూలు జనమే శిక్షణ పొంది, తమ వీధిలోని దీర్ఘరోగులను వారం వారం చూసి వచ్చే ఏర్పాటు చేసుకున్నారు. 2008లో ఆ రాష్ట్రం ఇలాంటి ఉపశమన సేవకు, అంటే పాలియేటివ్ కేర్‌కి, ఒక విధానమే ప్రకటించింది. పల్లె పల్లెనా మహిళా పొదుపు సంఘాలున్న తెలుగు రాష్ట్రాల్లో ఇది సాధ్యం కాదని నేను అనుకోను.

సాయం చేసే తీరు గురించి ఒక పరిశోధన చెప్పాలి. న్యూయార్క్‌లో లాయరు పరీక్షకు చదువుతున్నవాళ్లను, వాళ్ల జీవిత భాగస్వాములను నియల్ బోల్జర్ పరిశీలించాడు. చదివేవాళ్ల దృష్టికి రాకుండా అందిన సాయమే వాళ్ల దిగులును తగ్గించింది. సాయం అందుతోందని ప్రతిసారీ తెలిసివస్తుంటే 'నేను భారమైపోయాను' అన్న బాధ తోడవుతుంది. క్యాన్సర్ ఇళ్లలో ఇది మరీ నిజం. "ఏం కావాలన్నా అడుగు" అంటే రోగి అడగదు. "మంగళవారం రక్తపరీక్షకు నేను తీసుకెళ్తాను" అంటే కాదనదు.

ఇంకా కొన్ని పనులు ఎవరైనా చేయవచ్చు. దాత నుంచి తీసిన ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, అందుకే దాతలు ఎప్పుడూ కావాలి. చాలా రకాల కీమోల్లో మందు ఎక్కించాక రెండో వారంలో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి కనుక, జలుబు ఉన్నవాళ్లు ఆ రోజుల్లో పరామర్శకు వెళ్లకుండా ఫోను చేస్తే చాలు. వెళ్లినవాళ్లు అదే జబ్బుతో పోయినవాళ్ల కథలు చెప్పవద్దు. క్యాన్సర్ అంటుకోదు, కంచం గ్లాసు వేరు పెట్టనక్కర్లేదు. ఈ మాట ఇంటి పెద్దవాళ్లకు కూర్చోబెట్టి చెప్పండి. మీకు తెలిసినవాళ్లలో ఎవరికైనా ఈ ఏడాది చికిత్స పూర్తయి ఉంటే, వచ్చే చెకప్ ఎప్పుడో కనుక్కుని, ఆ రోజు వాళ్లతో కూడా ఆసుపత్రికి వెళ్లండి.