మబ్బు పైనుంచి వాన లెక్క

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వాన ఎంత పడిందని అడిగితే పెద్దవాళ్లు మిల్లీమీటర్లలో చెప్పరు. “పదునైంది” అంటారు. గట్టిగా కొడితే “వాగొచ్చింది”. ఇంకా కొడితే “మత్తడి దుంకింది”. వానను నదిగా మార్చి చూపే కంప్యూటర్ మోడల్ చేసేదీ ఇంచుమించు ఇదే. నేల తాగిన వాటా తీసేసి, వాగుకు దక్కిందెంతో తేల్చి, చెరువు ఆపుకోగా మిగిలిందెంతో చూడాలి. చిక్కల్లా మొదటి అంకె దగ్గరే: అసలు వాన ఎంత?

మండలాఫీసు ఆవరణలో ఉండే వానమాపకానికి నోరు జానెడు. ఒక చెల్కలో కుండపోత, గట్టు దాటితే దుమ్ము. ఇక్కడి వాన తీరే అది. జానెడు నోటితో వందల చదరపు కిలోమీటర్ల కబురు చెప్పించలేం.

ఆ కొరత తీర్చడానికే ట్రిమ్ పుట్టింది. పూర్తి పేరు ట్రాపికల్ రెయిన్‌ఫాల్ మెజరింగ్ మిషన్. అమెరికా, జపాన్ కలిసి తయారుచేసి 1997 నవంబరులో జపాన్‌లోని తనెగషిమా నుంచి పంపాయి. వానను కొలిచే రాడార్ అంతరిక్షానికి వెళ్లడం అదే మొదలు. 350 కిలోమీటర్ల ఎత్తున గంటన్నరకో చుట్టు. రెండు సెంటీమీటర్ల పొడవున్న అలలను కిందికి వదిలి, చినుకులకు తగిలి తిరిగొచ్చిన దాన్నిబట్టి ఏ ఎత్తులో ఎంత వానుందో పొరలు పొరలుగా విప్పి చెప్పేది.

దానికీ ఒక లోటుండేది. ఒక్క చుట్టులో రాడార్ చూసేది 215 కిలోమీటర్ల పట్టీ మాత్రమే. మిగతా వేళల్లో వేరే ఉపగ్రహాల మీద ఆధారపడాల్సి వచ్చేది. వాటిలో కొన్ని మబ్బు తల ఎంత చల్లగా ఉందో చూసి వానను ఊహిస్తాయి. మబ్బును చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవద్దన్న సామెత శాస్త్రవేత్తలకూ పనికొచ్చేది ఇక్కడే. పాలమూరులాంటి పొడి సీమలో మబ్బు నుంచి జారిన చినుకు నేలను తాకకముందే ఆవిరైపోవచ్చు. పైనున్న కన్ను దాన్నీ వానగానే రాసుకుంటుంది.

వాన లెక్కలో తప్పు, ఎక్కువైనా తక్కువైనా, నదిలోకి వచ్చేసరికి పెరుగుతుంది. 1950ల్లో అమెరికా నేల సంరక్షణ శాఖ ఇచ్చిన ‘కర్వ్ నంబర్’ సూత్రాన్ని మోడళ్లు ఇప్పటికీ వాడుతున్నాయి. ఒక నేలకు ఆ నంబరు 75 అనుకుందాం. 50 మి.మీ. వాన పడితే పారేది 9 మి.మీ. 100 పడితే 41. వాన రెట్టింపైతే పారుదల నాలుగు రెట్లు దాటింది! అసలు 100 పడితే ఉపగ్రహం 80 అని చెప్పిందనుకోండి, లెక్కలో పారుదల 27కు పడిపోతుంది. వానలో ఐదో వంతు తప్పు, వాగులో మూడో వంతు.

ఇక అసలు అడ్డు చెరువు. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచాక విశ్వేశ్వరయ్య వచ్చి లెక్క తీశారు. నగరానికి ఎగువన 2,230 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో అప్పట్లో 788 చెరువులుండేవి. వాటిలో 221 తెగాయి. గొలుసుకట్టులో పైచెరువుకు గండి పడితే కిందిదీ ఆగదు. అదే చెరువు, వట్టిపోయి ఉన్నప్పుడు మంచి వాననైనా గుటుక్కున మింగి నదికి చుక్క వదలదు. వాన ఒకటే, నది రెండు రకాలు. దామరచర్ల దగ్గర మూసీలో కొలిచిన ప్రవాహంతో మోడల్‌ను సరిచూసినప్పుడు వచ్చే తేడాకు వానొక్కటే కారణం కాదంటాను నేను. చెరువును లెక్కలోకి తీసుకోని మోడల్ ఈ సీమకు పనికిరాదు.

ట్రిమ్‌కు మొదట అనుకున్న ఆయుష్షు మూడేళ్లు. ఇంధనం ఆదా అవుతుందని 2001లో 402 కిలోమీటర్లకు లేపారు. 2004లో ఆపేద్దామంటే శాస్త్రవేత్తలు గోల పెట్టి నిలబెట్టుకున్నారు. చివరికి 2015 జూన్‌లో దక్షిణ హిందూ మహాసముద్రం పైన గాలిలో కాలిపోయింది. అప్పటికే, 2014 ఫిబ్రవరిలో, తనెగషిమా నుంచే దాని వారసుడు జీపీఎం వెళ్లింది. దాని ఆధారంగా అరగంటకోసారి, సుమారు 11 కిలోమీటర్ల గడికో వాన అంకె వస్తుంది. నాలుగైదు గంటల్లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

మీ ఊరి చెరువు ఏ రోజు, ఏ వేళకు మత్తడి దుంకిందో మాత్రం ఆ గడిలో ఉండదు. ఈసారి దుంకినప్పుడు తేదీ, వేళ తూము గోడ మీదైనా రాసి పెట్టండి.