వెబ్‌సైటుకు పెంకులు సర్దేదెవరు?

పెంకుటింట్లో ఉండేవారు ఏటా తొలకరికి ముందు ఇంటి కప్పు చూపించుకుంటారు. పనివాడు పైకెక్కి, పగిలిన పెంకులు తీసివేసి కొత్తవి పెట్టి, జరిగినవాటిని సర్ది దిగుతాడు. ఒక ఏడు ఆ పని మానేస్తే ఇల్లు వెంటనే కూలిపోదు. గోడలు అలాగే ఉంటాయి, తలుపులు అలాగే ఉంటాయి. కాని మొదటి పెద్ద వానకు పెట్టెలోని పుస్తకాలు తడిసిపోతాయి.

వెబ్‌సైటుకు కూడా ఇటువంటి కప్పు ఒకటి ఉన్నది. అది చూసేవారికి కనబడదు.

ఒక పాఠశాల ఉన్నదనుకుందాం. పన్నెండేళ్ల క్రితం ఎవరో పూర్వవిద్యార్థి దానికి వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చాడు. పిల్లలు రాసిన కథలు, గీసిన బొమ్మలు, వార్షికోత్సవాల ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. చాలావాటికి వేరే ప్రతి లేదు. ఇప్పుడు ప్రధానోపాధ్యాయురాలికి సందేహం వచ్చింది: "దీన్ని ఇలాగే వాడుకోవచ్చునా, మార్చాలా?"

"బాగానే నడుస్తున్నది గదా, కదిలించటం దేనికండీ?" అన్నారు లెక్కల మాస్టారు.

"పాతబడింది గనక తీసిపారేద్దామండీ," అన్నారు మరొకరు.

ఇద్దరి మాటా సరి కాదు. ఎందుకో తెలియాలంటే, ఆ వెబ్‌సైటు లోపల ఏమున్నదో ముందు తెలుసుకోవాలి.

వెబ్‌సైటులు కొత్తగా వచ్చిన రోజుల్లో ప్రతి పేజీనీ కంప్యూటరుకు అర్థమయే గుర్తులతో విడివిడిగా రాయవలసి వచ్చేది. ఒక్క సెలవు తేదీ మార్చాలన్నా ఆ గుర్తులు తెలిసినవాడే రావాలి. ఈ చిక్కు తీర్చటానికి పుట్టినదే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం. పొట్టిగా సి.ఎం.ఎస్. అంటారు. మనం విషయం మాత్రం రాస్తే చాలు. అది దాన్ని డేటాబేసు అనే కొట్లో దాచుతుంది. ఎవరైనా పేజీ తెరవగానే, కొట్లోంచి విషయం తీసి, తలకట్టూ తేదీ బొమ్మా వాటి వాటి చోట్ల అమర్చి చూపుతుంది. వర్డ్‌ప్రెస్, జూమ్లా, డ్రూపల్ ఇటువంటివే. మన పాఠశాలవారిది డ్రూపల్ 7.

డ్రూపల్ పుట్టుక తమాషాగా ఉంటుంది. 2000 లో బెల్జియం దేశపు ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయంలో డ్రీస్ బైటార్ట్ అనే విద్యార్థి ఉండేవాడు. అప్పట్లో ఎప్పుడూ తెగకుండా ఉండే ఇంటర్నెట్టు దొరకటం కష్టం. అతని స్నేహితుడు హాన్స్ స్నైడర్‌కు మాత్రం అది ఉండేది. ఇద్దరూ కలిసి దాన్ని తీగ లేకుండా ఎనిమిదిమంది విద్యార్థులకు పంచారు. రాత్రి భోజనం ఎక్కడ, ఇంటర్నెట్టు పనిచేస్తున్నదా లేదా అని ఒకరికొకరు చెప్పుకోవటానికి డ్రీస్ ఒక చిన్న ప్రకటనల పలక వంటి ప్రోగ్రాం రాశాడు. దానికి "డోర్ప్" అని పేరు పెట్టబోయాడు. డచ్చి భాషలో డోర్ప్ అంటే పల్లె. కాని అక్షరాలు తారుమారై "డ్రాప్" అని పడింది! చుక్క అనే అర్థం బాగానే ఉన్నదని అదే ఉంచాడు. డచ్చిలో చుక్కను "డ్రుప్పెల్" అంటారు. డ్రూపల్ అన్న పేరు దానినుంచే వచ్చింది. 2001 జనవరిలో అతను ఆ ప్రోగ్రాంను అందరికీ ఉచితంగా ఇచ్చివేశాడు. ఎనిమిదిమంది కోసం పుట్టిన పలక దేశదేశాలకూ పాకింది. అమెరికా అధ్యక్షుడి భవనం వెబ్‌సైటు కూడా 2009 లో డ్రూపల్ మీదికి వచ్చింది.

ఇక సి.ఎం.ఎస్. పనికివస్తుందో లేదో తేల్చటానికి నాలుగు ప్రశ్నలు వెయ్యాలి.

మొదటిది: పెంకులు సర్దేవారు ఉన్నారా? ప్రోగ్రాంలో ఎక్కడో పగులు ఉండనే ఉంటుంది. దుర్మార్గుడు దాన్ని కనిపెట్టేలోగా మంచివాళ్లు కనిపెట్టి పూడ్చాలి. 2014 అక్టోబరు 15 న డ్రూపల్ 7 లో ఒక పెద్ద పగులు బయటపడింది. దానిగుండా ఎవరైనా సరే, తాళంచెవి లేకుండానే డేటాబేసులోకి చొరబడవచ్చు. పూడ్చే మార్గం ఆ రోజే ప్రకటించారు. అయినా, ఏడు గంటలలోగా పూడ్చుకోనివారు తమ వెబ్‌సైటులో దొంగ పడినట్టే భావించుకోవాలని డ్రూపల్ రక్షణ బృందంవారు తరవాత హెచ్చరించారు. చూశారా! మరమ్మతు ఉండటమే చాలదు, అది వెంటనే జరగాలి కూడా.

2011 జనవరి 5 న విడుదల అయిన డ్రూపల్ 7 కు 2025 జనవరి 5 తో ఈ ఉచితసేవ ముగిసింది. డబ్బు తీసుకుని కొనసాగించే సంస్థలు లేకపోలేదు. కాని ఏ ఏర్పాటూ చేసుకోనివారి కప్పు ఎక్కేవారు లేరు. "బాగానే నడుస్తున్నది" అన్న లెక్కల మాస్టారు గోడలు చూశారే గాని కప్పు చూడలేదు.

రెండవది: మన పనికి ఇది తగినదేనా? పేరును బట్టి దీన్ని తేల్చలేం. డ్రూపల్‌లోకి వచ్చిన అధ్యక్ష భవనం వెబ్‌సైటే 2017 డిసెంబరులో వర్డ్‌ప్రెస్‌కు మారింది. అంతమాత్రాన డ్రూపల్ చెడ్డదయిపోలేదు. వేల పేజీలూ, పదిమంది సంపాదకులూ, ఒక్కొక్కరికి ఒక్కొక్క అధికారమూ ఉన్నచోట డ్రూపల్ బాగా ఉపయోగపడుతుంది. నెలకు రెండు ప్రకటనలు వేసే బడికి అంత సరంజామా దేనికి?

మూడవది: సామాను బయటికి తెచ్చుకోగలమా? తెలుగువారికి ఇది అనుభవమే. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991 లోనే స్థానం దొరికింది. అయినా ఆ తరవాత చాలా ఏళ్లు అనేక తెలుగు వెబ్‌సైటులు సొంత ఫాంట్లతోనే నడిచాయి. ఒక్కొక్క ఫాంటులో అక్షరాలకు ఒక్కొక్క లెక్క. ఆ ఫాంటు ఉంటే తెలుగు. వేరేచోటికి తీసుకుపోతే అర్థం లేని గుర్తులు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపటానికి "పద్మ" అనే ప్రోగ్రాంను ప్రత్యేకంగా తయారుచెయ్యవలసి వచ్చింది. అందుచేత ఇంట్లో చేరేముందే గుమ్మం వెడల్పు చూసుకోవాలి.

నాలుగవది: దీని సంగతి తెలిసినవారు మనలో ఉన్నారా? ప్రోగ్రాం ఉచితమే కావచ్చు, దాన్ని కనిపెట్టి ఉండే మనిషి శ్రమ ఉచితం కాదు.

ఈ నాలుగూ మన బడికి వేసి చూద్దాం. కప్పు సర్దేవారు లేరు. సరంజామా అవసరానికి మించినది. తయారుచేసిన పూర్వవిద్యార్థి ఎక్కడో దూరదేశంలో ఉన్నాడు. కాని లోపలి రాత అంతా యూనికోడ్‌లోనే ఉన్నది గనక బయటికి వస్తుంది. అంటే ఇల్లు మారవలసిందే, సామాను మాత్రం పారెయ్యరాదు.

మారటం ఎలా? కొత్త డ్రూపల్‌కు పోవచ్చు. కాని 2015 లో వచ్చిన డ్రూపల్ 8 లో లోపలి కట్టడమే మార్చారు. 7 నుంచి అక్కడికి పోవటం పెంకులు మార్చటం కాదు, కొత్త ఇల్లు కట్టటమే. 8 దాటినవారికి ఆ తరవాతి మార్పులు సులువయ్యాయి. పాత పద్ధతే ఇష్టమైనవారు కొందరు డ్రూపల్ 7 నుంచి చీల్చి బాక్‌డ్రాప్ అనేదాన్ని తయారుచేశారు. అది 2015 జనవరిలో విడుదల అయింది. మరొక ఉపాయం కూడా ఉన్నది. పాత పేజీలను ఉన్నవి ఉన్నట్టుగా మామూలు పేజీలుగా మార్చి ఉంచవచ్చు. అప్పుడు వెనక డేటాబేసూ ఉండదు, దానిలోకి దొంగకు దారీ ఉండదు. కాని వాటిలో కొత్తగా ఏమీ రాయలేం, వెతికే పెట్టె పనిచెయ్యదు.

ప్రధానోపాధ్యాయురాలు చివరకు ఇలా నిర్ణయించారు. మొట్టమొదట, డేటాబేసుకూ ఫోటోలకూ రెండు నకళ్లు తీయించి రెండు చోట్ల దాచాలి. పిల్లల పాత రచనలను మామూలు పేజీలుగా మార్చి, పాత చిరునామాలతోనే నిలపాలి. కొత్త ప్రకటనలకు ఇద్దరు ఉపాధ్యాయులు సులువుగా నేర్చుకోగల చిన్న సి.ఎం.ఎస్. పెట్టాలి. ఇదంతా ముందు నకలు మీద చేసి, బొమ్మలన్నీ వచ్చాయని పిల్లలచేతే సరిచూపించి, ఆ తరవాతనే పాతది మూసెయ్యాలి.

పిల్లలూ, మీ బడికి వెబ్‌సైటు ఉంటే మీ మాస్టారిని మూడు విషయాలు అడగండి: అది ఏ సి.ఎం.ఎస్., ఎన్నవది? దానికి మరమ్మతులు ఎప్పటిదాకా వస్తాయి? దాని నకలు ఎక్కడ ఉన్నది? మూడవదానికి జవాబు దొరక్కపోతే, మిగతా రెండింటి సంగతి తరవాత చూసుకోవచ్చు. ముందు నకలు తీయించమనండి. వాన మనకు చెప్పి రాదు.